ముప్పై రెండో సెకనులో ఆగిపోయిన బండి

మన బ్యాచ్‌లో ఎవర్ని అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా తడుముకోకుండా చెప్పే నంబర్ ఒకటుంది. 32,767. సీ లాంగ్వేజ్‌లో ఇంట్ అనే డేటా టైప్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య. కింద వైపు మైనస్ 32,768. ఫస్ట్ ఇయర్‌లో రెండు మార్కుల ప్రశ్న. నేనూ రాశాను, రెండుకి రెండూ వచ్చాయి. అదే వారం ల్యాబ్‌లో సైజాఫ్ కొట్టి చూస్తే కంప్యూటర్ ఏమో ఇంట్‌కి నాలుగు బైట్లు అంది. నోట్స్‌లో రెండు బైట్లని ఉంది. ఇదేంటని అడిగితే "ఎగ్జామ్‌లో రెండనే రాసేయండి" అన్న జవాబు వచ్చింది. రాసేశాం. ఎక్కడ రెండో, ఎక్కడ నాలుగో, అసలు దాంతో నాకేం పనో ఏడాది వరకు తెలీలేదు. చివరికి ఆ విషయం చెప్పింది కార్వాన్‌లో ఒక మోటార్ వైండింగ్ షాపు ముందు ఆగిపోయిన మా బండి.

బండి అంటే రోబో. రోబో అంటే సినిమాలో చూసిన చిట్టిని ఊహించుకోవద్దు. నల్ల గీతను చూసుకుంటూ నడిచే లైన్ ఫాలోవర్. రెండు పసుపు బీవో మోటార్లు, ఒక ఆర్డునో ఊనో క్లోన్ బోర్డు, ఒక మోటార్ డ్రైవర్, ముందు ఐదు ఐఆర్ సెన్సర్లు. మొత్తం 1,900 రూపాయలు, నలుగురం పంచుకున్నాం. సామాను కోసం అఫ్జల్‌గంజ్ మీదుగా కోఠి పోయి గుజరాతీ గల్లీలో మూడు గంటలు తిరిగాం. ఆ గల్లీలో ఒక పూట తిరిగితే వచ్చే జ్ఞానం మీద వేరే వ్యాసం రాయొచ్చు.

నేను ఆ టీమ్‌లోకి ఆసక్తితో వెళ్లలేదు. రిజిస్ట్రేషన్‌కి నాలుగో పేరు కావాలంటే ఇచ్చాను. అప్పటికి నాకు కాలేజీ మీద విరక్తి వచ్చేసి ఉంది. మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ ఒకటి. సీ ల్యాబ్‌లో సెమిస్టర్ అంతా స్టార్లతో పిరమిడ్లు ప్రింట్ చేశాం. నిటారు పిరమిడ్, తలకిందుల పిరమిడ్, మధ్యలో బొక్క ఉన్న పిరమిడ్. ఇంట్లో డిగ్రీలో చేరతానని చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "నేటి విద్యార్థులకు మోటివేషన్ లేదు" అని సెమినార్ హాల్లో స్టేజీ ఎక్కినవాళ్లందరూ అంటుంటారు. నిజమే, నాకు లేదు. పిరమిడ్ల మీద మోటివేషన్ ఎవరికి ఉంటుంది?

ఇక బండి సంగతి. ల్యాబ్ సాయంత్రం నాలుగున్నరకు తాళం. హాస్టల్ గదిలో సోల్డరింగ్ ఐరన్ పెడితే వార్డెన్ ఊరుకోడు. అందుకే పని మా ఇంటికి మారింది. మా ఇల్లు కార్వాన్‌లో. ఒకప్పుడు గోల్కొండకు వచ్చే వర్తకుల బిడారులు ఆగిన చోటు, పేరే అది. 1671లో కట్టిన తొలి మసీదు మాకు నడిచిపోయేంత దూరం. ఇంత చరిత్ర ఉన్నా మా హాల్లో మాత్రం నలుగురు కూర్చుంటే ఐదో వాడు నిలబడాలి. మా నాన్న రెండు రోజులు చూసి, "కంప్యూటర్ చదువని పంపితే ఈ మోటార్లేంది రా, గీ పొగేంది?" అన్నాడు. దాంతో రెండు గల్లీల అవతల ఉన్న వైండింగ్ చాచా షాపు ముందుకు చేరాం. ఫ్యాన్లు, మిక్సీలు, బోరు మోటార్లు విప్పి మళ్ళీ రాగి తీగ చుట్టడం ఆయన పని. షాపు ముందు సిమెంటు గచ్చు, పైన ట్యూబ్‌లైటు. పాత ఎలక్షన్ ఫ్లెక్సీ తిరగేసి, తెల్లటి వెనక వైపు మీద నల్ల ఇన్సులేషన్ టేపుతో ట్రాక్ వేశాం.

కాలేజీ కారిడార్‌లో బండి చక్కగా నడిచింది. అక్కడ ట్రాక్ చిన్నది, ఇరవై సెకన్లలో ఒక రౌండ్ అయిపోయేది. చాచా షాపు ముందు ట్రాక్ పెద్దది. సగానికి పైగా వెళ్లి టక్కున ఆగింది. మళ్ళీ బటన్ నొక్కితే మళ్ళీ నడిచింది, మళ్ళీ ఆగింది. బ్యాటరీ అనుకున్నాం. తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ మోటార్లకు సరిపోదని యూట్యూబ్‌లో విన్నాం కదా, అది తీసేసి లిథియం సెల్స్ పెట్టాం. ఆగింది. డ్రైవర్ మార్చాం. ఆగింది. వైర్లన్నీ పీకి మళ్ళీ సోల్డర్ చేశాం. ఆగింది. ఇంకో వింత, అలాగే వదిలేస్తే అర నిమిషం పైన నిలబడి తనంతట తానే బయలుదేరేది. లూజ్ కాంటాక్ట్ అని తీర్మానించాం. ఏదీ అర్థం కాకపోతే లూజ్ కాంటాక్ట్ అనడం ఇంజినీరింగ్ సంప్రదాయం.

రెండో రోజు రాత్రి చాచా ఒక ఫ్యాన్ స్టేటర్ చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు: "మోటర్ థక్తా తో ఆహిస్తా హోతా బేటా. యే థకా నై. ఇస్కో కోయి బంద్ కర్రా." అలసిపోయిన మోటార్ ముందు నెమ్మదిస్తుంది, మూలుగుతుంది, అప్పుడు ఆగుతుంది. ఇది అలా ఆగట్లేదు, ఎవరో స్విచ్ ఆపినట్టు ఆగుతోంది. అంటే దీనికి ఆగమని ఎవరో చెప్తున్నారు. ఆయనకు ఆర్డునో అంటే తెలీదు. ముప్పై ఏళ్లుగా మోటార్ల చావులు విన్న చెవి అది.

ఆగమని చెప్పేది కోడే, ఇంకెవరు? మా టీమ్‌లో ఈసీఈ అమ్మాయి ఒకరున్నారు. సాయంత్రం ఐదున్నర కాలేజీ బస్సు తప్పితే ఇంటికి వెళ్ళలేదు కాబట్టి రాత్రిపూట వీడియో కాల్‌లోనే ఉండేది. "ఎన్ని సెకన్లకు ఆగుతోందో కొలిచారా అసలు?" అంది. కొలవలేదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మూడు సార్లు కొలిచాం. బటన్ నొక్కినప్పటి నుంచి మూడు సార్లూ 32 దాటి 33 లోపలే. అప్పుడు నారాయణపేట వైపు నుంచి వచ్చిన మా దోస్తు లేచి నిలబడ్డాడు. "అరేయ్, గిది రెండు మార్కుల క్వశ్చన్ కదరా!"

బటన్ నొక్కాక చెయ్యి తీసుకునే టైమ్ ఉండాలని, రెండు సెకన్లు అయ్యాకే మోటార్లు తిరగాలని రాశాం. నొక్కినప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు అయ్యాయో లెక్కేసి ఇంట్‌లో దాచాం. 2,000 దాటితే నడువు, లేకపోతే ఆగు. నా లాప్‌టాప్‌లో ఇంట్ నాలుగు బైట్లు. ఊనో బోర్డు మీద రెండే. నోట్స్‌లో ఉన్నది అబద్ధం కాదు, పాత రోజుల చిన్న కంప్యూటర్ల నిజం, ఈ చిన్న బోర్డులో ఇంకా బతికే ఉంది. 32,767 మిల్లీసెకన్లు అంటే 32.767 సెకన్లు. ఆ తర్వాతి మిల్లీసెకనుకి సంఖ్య పట్టక తిరగబడి మైనస్ 32,768 అయింది. అది 2,000 కన్నా తక్కువ కదా, బండి ఆగింది. అక్కడి నుంచి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ సున్నా దాటి మళ్ళీ 2,000కి రావడానికి దాదాపు 35 సెకన్లు. అప్పుడు బయలుదేరింది. లూజ్ కాంటాక్ట్ కాదు, లెక్క తప్పలేదు, మేం చెప్పింది చెప్పినట్టే చేసింది పాపం. ఇంట్ తీసేసి అన్‌సైన్డ్ లాంగ్ అని మార్చాం. ఒక్క లైను.

ఆ రాత్రి నాకు పట్టిన ఊపు ఎలాంటిదో మాటల్లో పెట్టలేను. నా తెలుగు అంతదాకా రాదు కూడా, పదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం. కానీ ఒకటి చెప్పగలను. మరుసటి రోజు లైబ్రరీకి వెళ్లి, ఎవరూ చెప్పకుండా, టూస్ కాంప్లిమెంట్ ఎందుకు అలా తిరగబడుతుందో చదివాను. పరీక్ష లేదు, మార్కుల్లేవు.

ఇక్కడి నుంచి నా అభిప్రాయం. మన కాలేజీల్లో రోబోటిక్స్ అనగానే రెండు రోజుల వర్క్‌షాప్ గుర్తొస్తుంది. ఫీజు కడతాం, కిట్ ఇస్తారు, బొమ్మలో చూపించినట్టు వైర్లు పెడతాం, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన కోడ్ ఎక్కిస్తాం. ఫోన్‌తో తిప్పితే కారు తిరుగుతుంది. ఫోటో, సర్టిఫికెట్, కిట్ వాపస్. నేనూ ఒకదానికి వెళ్లాను. ఆ ఉత్సాహం సోమవారం దాకా ఉంటుంది. ఇలాంటివి లేకపోవడమే నయమని నా గట్టి నమ్మకం, ఎందుకంటే రోబోటిక్స్ "చేసేశాం" అన్న భ్రమ వస్తుంది. ఆ పెన్‌డ్రైవ్ కోడ్‌లో అన్‌సైన్డ్ లాంగ్ ముందే ఉంటుంది. అది ఎందుకుందో తెలుసుకునే అవసరం ఎవరికీ పడదు. మాకు పనికొచ్చింది రోబో నడవడం కాదు, రెండు రోజులు నడవకపోవడం. ఆ రెండు రోజులూ ఎవరూ వచ్చి జవాబు చెప్పకపోవడం.

చెడిపోయే అవకాశం లేని చోట కుతూహలం పుట్టదు. నేను చదివిన స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉండేది. కేంద్రం 2016లో మొదలుపెట్టిన పథకం, ఒక్కో స్కూలుకు 20 లక్షల దాకా గ్రాంట్, ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లలు చేత్తో చేసి నేర్చుకోవాలని. మంచి ఆలోచన. మా స్కూల్లో మాత్రం దానికి అద్దాల తలుపు, తలుపుకి తాళం. ఇన్‌స్పెక్షన్ రోజు తీసేవారు, మేం బయట క్యూలో నిలబడి చూసేవాళ్లం, మ్యూజియంలో సాలార్‌జంగ్ గడియారాన్ని చూసినట్టు. పాడైపోతాయని భయం. పాడు చేయడానికే కదా ఇచ్చింది!

సరే, అయితే రోబోటిక్స్ క్లబ్ పెడదాం, ఇష్టమున్నవాళ్లు చేరతారు అంటారా? ఇక్కడే నాకు బాధ ఉంది. మా నారాయణపేట దోస్తు పదో తరగతి వరకు తెలుగు మీడియం. సీ ల్యాబ్ వైవాలో ఇంగ్లిష్‌లో అడిగితే నోరు తెరవడు. రికార్డు ప్రకారం వీక్ స్టూడెంట్. కానీ మల్టీమీటర్ చేతికిస్తే టీమ్ మొత్తంలో వాడే ఫస్ట్. 32 సెకన్ల లింకు పట్టింది వాడే. ఫెస్ట్‌కి ముందు మూడు వారాలు వాడు బండి మీదే ఉన్నాడు. ఫలితం, సెమిస్టర్ చివర్లో అటెండెన్స్ 75 శాతానికి తగ్గింది. 65 కన్నా తగ్గితే డిటెన్షన్, 66 దగ్గర బయటపడ్డాడు. మూడు బ్యాక్‌లాగ్‌లు. నేను వాణ్ని రోబోలోకి లాగకపోయుంటే బాగుండేదా అని ఇప్పటికీ అనుకుంటాను. వాడు అలా అనుకోడు. కానీ వాళ్ల నాన్నకు ఫోన్ చేసి కండోనేషన్ ఫీజు గురించి చెప్పింది వాడే, నేను కాదు.

ఈసీఈ అమ్మాయి సంగతీ అంతే. అసలు పని రాత్రి తొమ్మిది తర్వాత జరిగితే బస్సులో వెళ్ళేవాళ్లు ఎప్పుడూ వీడియో కాల్‌లోనే ఉంటారు. క్లబ్ అంటే టైమ్, డబ్బు, ఇల్లు దగ్గరగా ఉన్నవాళ్ల సొత్తు అయిపోతుంది. అందుకే నేను అడిగేది క్లబ్ కాదు. టైమ్‌టేబుల్లో పెట్టండి. ఫస్ట్ ఇయర్ సీ ల్యాబ్‌లో సగం వారాలు పిరమిడ్లు తీసేసి బోర్డు ఇవ్వండి. నలుగురికి ఒకటి, అరవై మంది సెక్షన్‌కి పదిహేను బోర్డులు చాలు.

ఇది నా పిచ్చి ఊహ కాదు. అమెరికాలో ఎంఐటీలో వుడీ ఫ్లవర్స్ అనే ప్రొఫెసర్ 1970లలో ఒక డిజైన్ కోర్సును ఇలాగే నడిపారు. అందరికీ ఒకేలాంటి సామాను పెట్టె, చాలావరకు ఏవో తుక్కు ముక్కలు. దాంతో యంత్రం చేసి సెమిస్టర్ చివర్లో పోటీకి దిగాలి. హాలు నిండిపోయేదట చూసేవాళ్లతో. గమనించండి, అది సాయంత్రం క్లబ్ కాదు, క్రెడిట్లున్న కోర్సు. తర్వాత ఆయన డీన్ కామెన్‌తో కలిసి స్కూలు పిల్లలకు పెంచిందే ఫస్ట్ రోబోటిక్స్ పోటీ, 1992లో మొదటిది జరిగింది. మన దగ్గర ఐఐటీ బాంబే ఈ-యంత్ర ఉంది. పోటీలు పెట్టడమే కాదు, కాలేజీల్లో ల్యాబ్‌లు పెట్టించి లెక్చరర్లకు ట్రైనింగ్ ఇస్తుంది. ఈ లెక్చరర్ల ముక్క నాకు నచ్చింది. అరవై మందిని ఒక్కరే చూసుకుంటూ, పేపర్లు దిద్దుతూ, అడ్మిషన్ల డ్యూటీ కూడా చేసేవాళ్లకు రోబో కూడా నేర్పండి అంటే వాళ్లకు కోపం రావడం న్యాయమే.

"మనం సీఎస్ఈ కదా, లీట్‌కోడ్ చేసుకుంటే ప్లేస్‌మెంట్ వస్తుంది, ఈ వైర్లెందుకు?" అని మా సీనియర్ ఒకరు నవ్వారు. ప్లేస్‌మెంట్ వస్తుందని నేను చెప్పట్లేదు. రోబో చేస్తే డీబీఎంఎస్ మీద ప్రేమ పుడుతుందనీ చెప్పట్లేదు, నాకు పుట్టలేదు. సిమ్యులేటర్‌లో చేసుకోవచ్చు కదా అన్నారు ఇంకొకరు. చేసుకోవచ్చు, మా తప్పు అందులోనూ బయటపడేదే. కానీ సిమ్యులేటర్‌లో ఎండ ఉండదు. ఫెస్ట్ రోజు పోటీ ఆరుబయట షామియానా కింద పెట్టారు. ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుందని ఇంటర్‌లో చదివాం. మా సెన్సర్లు ఆ వెలుతురుకి నల్ల గీతను కూడా తెలుపే అనుకున్నాయి. బండి గీత వదిలేసి జడ్జిల టేబుల్ కిందికి పోయింది. నల్ల చార్ట్ పేపర్‌తో సెన్సర్ల చుట్టూ లంగాలాగా కట్టి ఎలాగో రెండో రౌండ్ దాకా వెళ్లాం. తర్వాత ఓడిపోయాం. గెలిచినవాళ్లు తమ బండిని బయలుదేరే ముందు ఒకసారి తెలుపు మీద, ఒకసారి నలుపు మీద పెట్టి ఆ వెలుతురులోనే కొలుచుకునేలా రాశారు. మేం ఇంట్లో ట్యూబ్‌లైటు కింద కొలిచిన నంబర్‌ను కోడ్‌లో పాతేసి వచ్చాం. ఏ లీట్‌కోడ్ ప్రాబ్లమ్‌లోనూ ఇన్‌పుట్ మీద ఎండ పడదు.

"మా బ్రాంచ్ కాదు" అనేవాళ్లకు ఇంకో మాట. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు గిండీలో చదివింది సివిల్ ఇంజినీరింగ్. 1979లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి మొదటి డైరెక్టర్ ఆయనే, 1994లో ట్యూరింగ్ అవార్డు కూడా. మన ఫ్రెషర్స్ డే స్పీచుల్లో సత్య నాదెళ్ల పేరు వందసార్లు వినిపిస్తుంది. ఈ పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు. ఎందుకో మరి.

మార్కులు ఎలా వేయాలి అన్నది నిజమైన చిక్కు. రికార్డు అంటే కాపీ కొడతాం, ఒప్పుకుందాం. రోబో నడిస్తే మార్కులంటే అమీర్‌పేటలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు అమ్మినట్టు ఫస్ట్ ఇయర్ బండ్లు కూడా అమ్ముతారు. నాకు తోచింది ఇది. వైవా రోజు లెక్చరర్ మన బండిలో ఒక వైరు పీకాలి, లేదా కోడ్‌లో ఒక లైను మార్చాలి. ఎక్కడ చెడిందో అరగంటలో కనిపెట్టాలి. ఏ భాషలో చెప్పినా సరే. కొన్న బండి అక్కడ పనికిరాదు. సెమిస్టర్‌కి ఒక్కసారైనా చాచా లాంటివాళ్లను ల్యాబ్‌కి పిలవాలి, గెస్ట్ లెక్చర్ డబ్బిచ్చి మరీ. రాయదుర్గంలో టీ-వర్క్స్ 2023లో తెరిచారు, 78,000 చదరపు అడుగులట, మంచిదే. కానీ మా గల్లీలో ఆ పది అడుగుల షాపులో ఉన్న చెవి కూడా ఇంజినీరింగే కదా. దానికి మన కాలేజీ గేటు దాటి లోపలికి రావడానికి ఐడీ కార్డు లేదు.

నేను మానేస్తానన్న మాట ఇంట్లో చెప్పలేదు. మ్యాథ్స్ సప్లిమెంటరీలో బయటపడ్డాను. దోస్తు కండోనేషన్ ఫీజు టీమంతా కలిసి కట్టాం, వాళ్ల నాన్నకు ఇంకా తెలీదు, ఈ మ్యాగజైన్ నారాయణపేట దాకా పోదని ధైర్యం. బండి ఇప్పుడు చాచా షాపులోనే అల్మారా పైన ఉంది. ఆయన మనవడు దాన్ని అప్పుడప్పుడు కిందికి దింపి ఆడతాడు, ఒక సెన్సర్ ఇప్పటికే విరిచాడు. చూడాలనుకునేవాళ్లు తొలి మసీదు దగ్గర దిగి నాకు మెసేజ్ పెట్టండి, తీసుకెళ్తాను. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం రావద్దు, షాపు మూసి ఉంటుంది.